రెక్కలు కట్టిన పావురం

సోనీకి లోకంలో అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. తాను తల తిప్పి చూసేలోపు బిడ్డ కనబడకుండా పోవడం.

మాన్య నడక నేర్చిన నాటి నుంచి ఆ భయం సోనీ కొంగుకు ముడేసినట్టు వెంటే తిరుగుతోంది. బర్రెలకు దాణా కలుపుతున్నా, పాలు కొలుస్తున్నా, నీళ్లు పడుతున్నా మాటిమాటికీ మెడ తిప్పి చూసుకుంటుంది. "నీ బిడ్డను గద్దెత్తుకపోతదా ఏంది?" అని మామ బీరయ్య ఎగతాళి చేస్తుంటాడు.

అలాంటిది, ఈ గురువారం పొద్దున పిల్లను తన చేతులతోనే పక్కింటి సుశీలమ్మ చంకకెక్కించింది. ఇంట్లోకి పోలీసులు దిగారు మరి. సర్కిల్ ఇన్‌స్పెక్టర్ విఠల్‌రావు బూట్లు విప్పకుండానే వంటింట్లోకి వచ్చి, బియ్యం డబ్బా మూత తీసి లాఠీతో కెలికాడు. మాన్య కెవ్వుమంది. పిట్టగోడ అవతలి నుంచి సుశీలమ్మ చేతులు చాచింది.

"నాకియ్యి సోనీ. పసిది, దడుసుకుంటది. నేను ఆడిపిస్త."

సుశీలమ్మ వాళ్లు పక్కింట్లో కిరాయికి దిగి ఎన్నాళ్లో కాలేదు. కానీ సోనీ మొగుడు బాలరాజ్‌ను పోలీసులు పట్టుకుపోయిన మంగళవారం నుంచి ఈ ఇంట్లో పొయ్యి వెలగకపోతే, గిన్నెతో అన్నం తెచ్చి పెట్టింది ఆమే. సోనీ ఇంకేమీ ఆలోచించలేదు.

బీరయ్య కోర్టుకు పోయాడు. అత్త పుష్పమ్మ వంటింట్లో మూలకు ఒదిగి కూర్చుంది. ముందు గదిలో సోనీకి ఎదురుగా వకీలు శ్రీపాద పంపిన డిటెక్టివ్ సూర్యప్రభ కూర్చుని ఉంది. బాలరాజ్‌ను విడిపించడానికి వచ్చిన మనిషి అని వకీలు చెప్పాడు గానీ, ఆమె చూపు చూస్తే సోనీకి అట్లా అనిపించలేదు.

"అడిగినదానికి చెప్పు," అంది సూర్యప్రభ. "ఏడుపు తర్వాత."

"నేనెక్కడ ఏడుస్తున్న మేడం?"

"మంచిది. సోమవారం పొద్దున ఏమైంది?"

"మాకేమెర్క? అందరు చూసినట్టే టీవీల చూసినం."

సోమవారం ఉదయం ఆరుంబావుకు, విమానాశ్రయం నుంచి అప్పుడే లేచిన విమానాన్ని పక్షి కొట్టింది. ఎడమ ఇంజిన్ నిప్పులు కక్కి ఆగిపోయింది. పైలట్ ఎట్లాగో వెనక్కి తిప్పి దించాడు గానీ, దిగేటప్పుడు విమానం పక్కకు జారి, జనం ఒకరి మీద ఒకరు పడి, ఒక పెద్దాయన ప్రాణం పోయింది. ఇంజిన్‌లో ఇరుక్కున్న మాంసం ముక్కలు పరీక్షకు పోయాయి. అది ఏ పక్షో తేలడానికి టైం పడుతుందన్నారు. ఈలోగా మంగళవారం పొద్దున, పేరు చెప్పని మనిషెవరో పోలీసులకు ఫోన్ చేశాడు. చాంద్రాయణగుట్ట దాటాక, విమానాలు పోయే దారి కింద ఖాళీ జాగాలో చచ్చిన పావురం పడి ఉందన్నాడు. దాని కాలికి ఎర్రదారంతో కట్టిన ఇత్తడి గజ్జె ఉంది. పాతబస్తీలో పావురాలు ఎగరేసేవాళ్లకు ఆ గజ్జె ఎవరిదో చెప్పడానికి ఒక్క చూపు చాలు. ఇళ్లకు పాలు పోయడానికి బయల్దేరిన బాలరాజ్ పాల క్యాన్లతో సహా స్టేషన్‌కు పోయాడు.

"సోమవారం పొద్దున నీ మొగడు పావురాలను వదిలిండా?"

"లేదు మేడం. బర్రె ఈనింది. రాత్రి నుంచి దాని దగ్గరనే ఉన్నడు. గూడు తెరవనే లేదు."

"చూసినోళ్లెవరు?"

"బర్రె," అన్నాడు వంటింటి గుమ్మంలోంచి విఠల్‌రావు. వెనక ఉన్న ఇద్దరు కానిస్టేబుళ్లు నవ్వారు. "తీసుకరమ్మను. ప్రమాణం చేపిద్దాం."

సూర్యప్రభ అటు చూడనైనా లేదు. "గూటికి తాళం ఉంటదా?"

"ఎప్పుడూ ఉంటది. పిల్లులొస్తయని."

"చెవి?"

"ఆయన మొలతాడుకు."

"ఇంకొకటి?"

సోనీ చూపు వంటింటి మూలకు పోయి తిరిగొచ్చింది. "లేదు."

సూర్యప్రభ ముందుకు వంగింది. "మంగళవారం నీ మొగడు మొలతాడుతోటే స్టేషన్‌కు పోయిండు. ఆ చెవి ఇప్పుడు సార్ దగ్గర సీలు కవర్ల ఉంది. మరి గూట్ల పావురాలకు గింజలు ఎవరేస్తున్నరు? దేవుడొచ్చి ఏస్తున్నడా?"

సోనీ కొంగు చివర వేలికి చుట్టుకుంది.

"నాతో అబద్ధమాడితే నాకేం పోదు. నీ మొగుని మెడకు చుట్టుకుంటది. రెండో చెవి ఎవరి దగ్గరుంది?"

"అత్తమ్మ దగ్గర," గొణిగింది సోనీ. అత్త పేరు పోలీసుల ముందు బయటపెట్టిన కోడలు రేపటి నుంచి ఈ ఇంట్లో ఎట్లా ఉంటుందో ఈ మేడంకు ఏం తెలుసు?

విఠల్‌రావు చప్పట్లు కొట్టాడు. "శభాష్ సూర్యప్రభా! నా పని నువ్వే చేసిపెట్టినవు. ఇంటిల్లిపాది కలిసి చేసిన పని అని నేను మొదటి నుంచి అంటనే ఉన్న. గూటికి సీలేసి, ఈమెను జీపెక్కిస్త."

"సార్, నా బిడ్డ..."

"ఆ పెద్దాయనకు గూడ బిడ్డలున్నరమ్మా. అప్పుడు యాదికి రాలేదా?"

"సీలేసే ముందు గూడు నేను చూడాలె," అంటూ లేచింది సూర్యప్రభ.

"ఎవరిచ్చిన్రు పర్మిషన్?"

"ఆడమనిషిని జీపెక్కియ్యనికె ఒక్క లేడీ కానిస్టేబుల్ గూడ లేకుంట వచ్చిన్రు. మీకెవరిచ్చిన్రో చెప్పుండ్రి, నాది నేను చెప్త."

విఠల్‌రావు మొహం గంటు పెట్టుకున్నాడు. "నా కింద ఎస్సైగ ఉన్నప్పుడు గూడ గిట్లనే అడ్డం మాట్లాడి నౌకరీ పోగొట్టుకున్నవు."

"పోగొట్టుకోలే. మీ టేబుల్ మీద పెట్టి వచ్చిన. జర పక్కకు జరుగుండ్రి, మెట్లెక్కాలె."

మేడ మీద గూడు బాలరాజ్ తన చేతులతో కట్టుకున్నది. ఇనుప జాలీ, లోపల చెక్క అరలు. పుష్పమ్మ కూడా ఆయాసపడుతూ వెనకే ఎక్కి, మెట్ల దగ్గరే నిలబడిపోయింది. సోనీ ముందు పక్కమేడ వైపు చూసింది. సుశీలమ్మ బకెట్ పెట్టుకుని బట్టలు ఆరేస్తోంది. ఆమె చంకలో మాన్య బిస్కెట్ నములుతూ తల్లిని చూసి చేయి ఊపింది. సోనీ గుండె కొంచెం కుదుటపడింది.

సూర్యప్రభ సంచిలోంచి ఒక ఫోటో తీసింది. పోలీసులు కోర్టుకిచ్చిన కాగితాల్లోంచి వకీలు తీయించిన నకలు. సోనీ ఆ ఫోటో చూడటం అదే మొదటిసారి. బూడిదరంగు పావురం, మెడ వేలాడుతోంది, కాలికి వాళ్ల గజ్జె.

"ఈ రెక్క చూడుండ్రి. ఈకల నడుమ ఈ దారమేంది సార్?"

"మాంజా. ఈ బస్తీల పతంగి మాంజా చిక్కని పిట్టను ఒక్కదాన్ని చూపియ్యి."

"మరి దాని ఒంటికి అంటుకున్న ఈ తెల్ల బూరు?"

"పావురాలకు ఈకలుంటయి సూర్యప్రభా. పోలీసోళ్లం, మేం కనుక్కున్నం."

"చచ్చింది బూడిదరంగుది. బూరు తెల్లగుంది."

"గూట్ల తెల్లయి లేవా? గిదా నీ పరిశోధన?" విఠల్‌రావు విసుగ్గా లాఠీ ఎత్తి జాలీని ఫట్టున కొట్టాడు.

గూడంతా ఒక్కసారి లేచింది. రెక్కల చప్పుడుతో, దుమ్ముతో పావురాలన్నీ పై అరలకు ఎగబడ్డాయి. ఒక్కటి మాత్రం లేవలేదు. కింది అరలోంచి గెంతి, మూలకు నడుచుకుంటూ పోయింది.

సూర్యప్రభ కళ్లు దాని మీదే నిలిచిపోయాయి. "అదెందుకు ఎగరలే?"

"కొత్తది మేడం," అంది సోనీ. "మొన్ననే జంటను తెచ్చిండు. కొత్త పావురాన్ని ఊరికే వదిలితే పాత ఇంటికే పోతది. అందుకే ఇల్లు మరిగేదాక రెక్క ఈకలు కలిపి దారంతో కట్టేస్తరు. అప్పటిదాక గంతులే, ఎగురుడు లేదు."

"జంట అన్నవు. రెండోదేది?"

సోనీ గూట్లోకి చూసింది. ఫోటో వైపు చూసింది. మెట్ల దగ్గరికి పోయి పుష్పమ్మ కొంగులోంచి తాళం చెవి లాక్కుని గూడు తెరిచి, ఆ పావురాన్ని రెండు చేతులా పట్టి బయటికి తెచ్చింది. రెక్క విప్పి ఫోటో పక్కన పెట్టింది. అదే తెల్లదారం, అదే చోట, అదే ముడి. బర్రె పలుపుకు వేసే ముడే బాలరాజ్ పావురానికీ వేస్తాడు. ఆ ముడిని సోనీ రోజూ పొద్దునా సాయంత్రం విప్పుతూనే ఉంటుంది.

"మాంజా కాదు సార్. ఆయన ముడి ఇది."

సూర్యప్రభ ఆ పావురాన్ని తీసుకుని విఠల్‌రావు చేతిలో పెట్టింది. "ఎగరెయ్యుండ్రి."

"నాతో ఆటలాడుతున్నవా?"

"భయమైతుందా?"

విఠల్‌రావు పళ్లు కొరికి పావురాన్ని పైకి విసిరాడు. అది రెక్కలు కొట్టుకుని, గుండ్రంగా తిరిగి, వచ్చి ఆయన బూటు మీదే పడింది. కానిస్టేబుల్ ఒకడు నవ్వబోయి మింగేశాడు.

"చెప్పుండ్రి సార్. ఇది విమానందాక ఎగిరిందా? లేకుంటే విమానమే దిగొచ్చి ఈ మేడ మీద దీన్ని గుద్దిపోయిందా?"

"దారం తర్వాత కట్టి ఉండొచ్చు."

"ఎక్కడ? మీ సీలు కవర్లనా?"

ఆయన మొహం కందగడ్డలా అయింది. అయినా ముప్పై ఏళ్ల పోలీసు బుర్ర ఊరికే పోలేదు. లాఠీ చివర గూటి తాళాన్ని తాటించాడు. "సరే, ఎవరో తీసుకపోయి అక్కడ పడేసిన్రనుకుందాం. తాళం పగల్లే, జాలీ తెగలే. ఇంట్లోళ్లు ఇయ్యకుంట ఎట్ల పోయింది? అప్పుడైనా వీళ్లే కద దొంగలు! ముసలమ్మా, చెవి నీ కొంగున ఉంది. నువ్వు చెప్పు."

అందరూ మెట్ల వైపు తిరిగారు. సూర్యప్రభ ఫోటో తీసుకుపోయి పుష్పమ్మ కళ్ల ముందు పెట్టింది. పుష్పమ్మ ఫోటో చూసి, రెక్క చూసి, ఉన్నచోటే చతికిలబడింది.

"ఇది నేనిచ్చిన పావురమే."

"ఎవరికిచ్చినవు?"

"చెప్పొద్దు."

విఠల్‌రావు అరిచాడు, బెదిరించాడు. సూర్యప్రభ మెల్లగా అడిగింది, గట్టిగా అడిగింది. సోనీ కాళ్లు పట్టుకుంది. పావుగంట దాకా పుష్పమ్మ నోటి నుంచి ఆ ఒక్క మాటే. చెప్పొద్దు.

"ఎందుకు చెప్పొద్దు?" అంది చివరికి సూర్యప్రభ. "అదైనా చెప్పు."

"చెప్తే మందు పనిచెయ్యదు."

"ఏం మందు?"

"పక్షవాతానికి. పావురాన్ని కోసి, ఎచ్చటి నెత్తురుతోని పడిపోయిన కాలూ చెయ్యీ రుద్దుతరు. ఎవ్వరికీ ఎర్కలేకుంట ఇయ్యాలె, ఎవ్వరికీ ఎర్కలేకుంట తీస్కోవాలె. నోరు జారితే గుణం పోతది. మా అమ్మ నాటి నుంచి గంతే."

"నీ కొడుకును జైల్ల పెట్టినా చెప్పవా అత్తమ్మా?" సోనీ అత్త భుజాలు పట్టి కుదిపింది.

"విమానానికి తాకిన పావురం అన్నరు బిడ్డా! నేనిచ్చింది మందుకు కోసింది. రెండూ ఒకటే అని నాకెట్ల తెలుస్తది?" పుష్పమ్మ విఠల్‌రావు వైపు చేయి చూపింది. "ఈ ఫోటో నాకెవడు చూపిచ్చిండు? ఇంట్ల ఆడోళ్లను ఒక్కమాట అడిగిండా ఈయన?"

విఠల్‌రావు లాఠీ చంకలో పెట్టుకుని గూటి వైపు తిరిగాడు.

"కొత్తదాన్నే ఎందుకు తీసినవు?" అడిగింది సూర్యప్రభ.

"మిగిలినయి నా చేతికి దొర్కుతయా అమ్మా? లోపలికి పోంగనే నెత్తి మీద లేచినయి. పట్టుకోనికె అదొక్కటే దొరికింది."

"ఎప్పుడు?"

"సోమారం మాపటికి. దేవునికి దీపం పెట్టేటాల్లకు."

సూర్యప్రభ నెమ్మదిగా విఠల్‌రావు వైపు తిరిగింది. "పొద్దున ఆరుంబావుకు విమానానికి తాకి చచ్చిన పిట్ట, అదే రోజు సాయంత్రం ఈమె చేతుల బతికే ఉంది సార్. మీ కేసు గూడ ఈ పావురం తీరే, లేవదు."

ఆ మాటలేవీ సోనీ చెవికెక్కడం లేదు. ఆమె ఫోటోలోని తెల్ల బూరునే చూస్తోంది. ఆ బూరు ఆమెకు తెలుసు. ఫారం కోళ్లది. కొవ్వుతో జిడ్డుజిడ్డుగా, ముట్టుకుంటే వేలికి అంటుకుంటుంది. సుశీలమ్మ మొగుడు రామలింగం బండి తెచ్చి గోడ పక్కన ఆపినప్పుడల్లా అది ఎగిరొచ్చి ఆరేసిన బట్టల మీద పడుతుంది. చికెన్ దుకాణాల్లో మిగిలిన పేగులు, ఈకలు, చెత్త ఎత్తుకుపోయే బండి అది. నిన్న కూడా ఆ బూరును ఊడ్చి పోసింది.

"సుశీలక్కకిచ్చినవు," అంది సోనీ. "అంతే కదా అత్తమ్మా?"

పుష్పమ్మ తల వంచుకుంది. "వాళ్లన్న పడిపోయిండని కాళ్ల మీద పడ్డది. పురానాపూల్‌ల ఉంటడట."

"ఆమెకు తోడబుట్టినోళ్లే లేరు కదా! అన్నం తెచ్చిన రోజు నా ముందే చెప్పింది. మేడం, ఈ బూరు వాళ్లాయన రామలింగం చికెన్ చెత్త బండిదే."

సూర్యప్రభ గబగబా మాట్లాడింది, సగం తనలో తాను, సగం విఠల్‌రావుతో. "చికెన్ చెత్తను ఊరవతల ఫ్యాక్టరీకి తోలాలె. గంత దూరం ఎందుకని ఖాళీ జాగాల పారబోసిండు రామలింగం. పేగులున్నకాడికి గద్దలు రాకుంట ఉంటయా? విమానం కొట్టింది గద్దను. ఆ సంగతి పరీక్షల తేలితే గద్దలెందుకొచ్చినయని అడుగుతరు, బండి దొరుకుతది. అంతకుముందే ఒక పావురం, దానికొక ఓనరు కావాలె. గజ్జె ఉన్న పావురమైతే ఓనరు పేరు రాసినట్టే. ఈమె దగ్గరికి పెండ్లాన్ని పంపిండు, ఆయనే మీకు ఫోన్ చేసిండు. సార్, వాళ్లిద్దర్నీ ఇప్పుడే..."

ఆమె మాట మధ్యలో ఆగిపోయింది. సోనీ పక్కమేడ వైపు చూస్తూ బొమ్మలా నిలబడి ఉంది.

తీగ మీద సగం బట్టలే ఆరేసి ఉన్నాయి. మిగతా సగం పిండినవి పిండినట్టే బకెట్‌లో ఉన్నాయి. పిట్టగోడ మీద కొరికిన బిస్కెట్ ముక్క. మనిషి లేదు. పిల్ల లేదు.

మాటిమాటికీ మెడ తిప్పి చూసుకునే సోనీ, ఆ ఫోటో బయటికి వచ్చినప్పటి నుంచి ఒక్కసారి కూడా అటు తిరగలేదు.

మెట్లు ఎట్లా దిగిందో ఆమెకే తెలియదు. పక్కింటికి తాళం. గోడ పక్కన బండి లేదు. బండి ఆగే చోట నూనె మరక, దాని పక్కన మాన్య చెప్పు ఒక్కటి. సోనీ ఆ చెప్పును ఎత్తి గుండెకు హత్తుకుంది. అప్పుడు ఫోన్ మోగింది.

"సోనీ," అంది సుశీలమ్మ. గిన్నెతో అన్నం తెచ్చినప్పటి మెత్తని గొంతే అది. "మీ అత్తకు చెప్పు. మందు సంగతి ఎవరికీ చెప్పనని ఒట్టేసింది. ఒట్టు తప్పితే గుణం పోతదని ఆమెకు నేను చెప్పాల్నా?"

"అక్కా, నా బిడ్డ... నీ కాళ్లు మొక్కుత..."

"మంచిగనే ఉంది. పోలీసోళ్లను ఇంటికి పొమ్మను. ఆ మేడం నోరు మూయించు. ఆమె నోరు మూసుకుంటే రేపు పొద్దుగాల పిల్ల నీ గడపల ఉంటది."

సూర్యప్రభ ఫోన్‌కు చెవి ఆనించి వింటోంది. సుశీలమ్మ మాటల వెనక ఏదో చప్పుడు. కీచుమని, సాగదీసినట్టు, ఒకదాని మీద ఒకటి ఎన్నో గొంతులు. ఆ మీదట తల మీది నుంచి పోతున్నంత దగ్గరగా విమానం మోత. ఆ మోతలో మాన్య ఏడుపు మునిగిపోయింది. ఫోన్ తెగింది.

"గద్దలు," అంది సూర్యప్రభ. "పారబోసే జాగాలనే ఉన్నరు. సార్, మీకు పావురం దొరికిన చోటు!"

విఠల్‌రావు ఒక్క క్షణం ఆమెను మింగేసేలా చూశాడు. ఆ పైన డ్రైవర్ మీద అరిచాడు. "జీపు తియ్‌రా! సైరన్ వెయ్యకు!"

తనను పట్టుకుపోవడానికి వచ్చిన ఆ జీపులోకి అందరికంటే ముందు సోనీయే ఎక్కింది. చేతిలో చిన్న చెప్పు. బండి గల్లీ మలుపు తిరుగుతుంటే, తల బయటికి పెట్టి పైకి చూసింది. చాంద్రాయణగుట్ట వైపు ఆకాశంలో గద్దలు గుండ్రంగా తిరుగుతున్నాయి. ఒక్కొక్కటే కిందికి దిగుతున్నాయి.

ఆ దారి తరిగేదాకా సోనీ చేయగలిగింది ఏమీ లేదు. చదువుతున్న మీకు మాత్రం ఒక పని ఉంది. ఈ పేజీలో వేలు పెట్టి లేవండి. మీ ఇంట్లో పసిబిడ్డ ఉంటే, పక్క గదిలో ఉందని తెలిసినా సరే, బాగా తెలిసినవాళ్ల చంకలోనే ఉందని తెలిసినా సరే, ఒక్కసారి పోయి మీ కళ్లతో చూసి రండి.